ఇంగ్లిష్ డిగ్రీ చదువు: ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు

ఉత్తర తెలంగాణలోని కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల డిగ్రీ కళాశాలల్లో ఇంగ్లిష్ మూడు రూపాల్లో ఉంది. బి.ఏ., బి.కాం., బి.ఎస్‌సి. విద్యార్థులందరూ తప్పనిసరిగా చదివే జనరల్ ఇంగ్లిష్ మొదటిది. బి.ఏ.లోని మూడు ఐచ్ఛికాల్లో ఒకటిగా ఎంచుకునే ఇంగ్లిష్ సాహిత్యం రెండోది. దీన్ని స్పెషల్ ఇంగ్లిష్ అని, మోడ్రన్ లాంగ్వేజ్ అని కూడా వ్యవహరిస్తారు. చరిత్ర, వాణిజ్యం, భౌతికశాస్త్రం వంటివాటిని ఇంగ్లిష్ మీడియంలో చదవడం మూడోది. ఈ మూడింటి చరిత్రలూ వేరు, వాటితో వచ్చే అర్హతలూ వేరు. ఈ వ్యాసం ప్రధానంగా రెండోదానికి సంబంధించినది. ఇందులోని జిల్లాల పేర్లు 2016 అక్టోబరు 11 నాటి పునర్విభజనకు ముందున్న ఉమ్మడి జిల్లాలకు వర్తిస్తాయి.

నేపథ్యం

నిజాం పాలనలో హైదరాబాద్ రాజ్యంలో ఇంగ్లిష్‌లో పట్టా చదువుకు ప్రధాన ఆధారం 1887లో ఏర్పడిన నిజాం కళాశాల. అది చాలాకాలం మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచి, 1947లో ఉస్మానియాలో భాగమైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టిన ఏడాదిని గ్రంథాలు 1917 అని, 1918 అని, 1919 అని మూడు రకాలుగా రాస్తాయి. ఫర్మానా వెలువడిన 1917ను లెక్కలోకి తీసుకునే 2017 ఏప్రిల్‌లో శతాబ్ది ఉత్సవాలు జరిపారు. స్థాపన సంవత్సరంగా 1918 ఎక్కువ వాడుకలో ఉంది. బోధన చరిత్రకు మాత్రం తరగతులు మొదలైన 1919ని ప్రమాణంగా తీసుకోవడమే సబబు.

ఉస్మానియాలో బోధన భాష ఉర్దూ. ఇంగ్లిష్‌ను అందరూ తప్పనిసరి పాఠ్యాంశంగా చదివేవారు. అంటే కరీంనగర్ పల్లె నుంచి హైదరాబాద్ చేరిన తెలుగు విద్యార్థికి ఇంట్లో తెలుగు, తరగతిలో ఉర్దూ, ఒక పాఠంగా ఇంగ్లిష్ ఉండేవి. ప్రస్తుత రాజన్న సిరిసిల్ల జిల్లాలోని హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి బి.ఏ. వరకు ఉర్దూ మాధ్యమంలోనే చదివారు. తెలుగులో కవిగా 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం పొందిన ఆయన చదువు ఈ బహుభాషా క్రమానికి ప్రసిద్ధమైన ఉదాహరణ.

1938లో వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు కళాశాలల నుంచి బహిష్కృతులైన విద్యార్థుల్లో చాలామందిని నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. ఉర్దూలో సాగుతున్న వారి చదువు అక్కడ ఇంగ్లిష్‌లోకి మారింది. వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు ఈ తరంవారే. ఆయన చదువు క్రమం జీవిత చరిత్రలన్నింటిలో ఒకే తీరుగా లేదు. పుణె ఫెర్గూసన్ కళాశాలలో బి.ఎస్‌సి., ఆ తర్వాత నాగపూర్‌లో న్యాయశాస్త్రం అన్న క్రమమే ఎక్కువ ఆమోదం పొందింది. 1948 తర్వాత ఉస్మానియాలోనూ బోధన ఇంగ్లిష్‌లోకి మారింది.

కళాశాలలు, విశ్వవిద్యాలయాలు

కరీంనగర్‌లో డిగ్రీ చదువుకు పునాది 1956లో ఏర్పడిన శ్రీ రాజరాజేశ్వర ప్రభుత్వ కళాశాల. వేములవాడ దేవుడి పేరుతో ఉన్న ఈ కళాశాలను ఊళ్లో అందరూ ఎస్.ఆర్.ఆర్. కాలేజీ అనే అంటారు. అంతకు ముందు పట్టా కావాలంటే జిల్లా దాటక తప్పేది కాదు. తర్వాతి దశాబ్దాల్లో కరీంనగర్‌లో ప్రభుత్వ మహిళా కళాశాల, జగిత్యాలలో ఎస్.కె.ఎన్.ఆర్. కళాశాల, గోదావరిఖని, మంథని, హుజూరాబాద్, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్ పట్టణాల్లో ప్రభుత్వ కళాశాలలు ఏర్పడి చదువును ఊళ్లకు చేరువ చేశాయి.

ఎస్.ఆర్.ఆర్. కళాశాల అనుబంధం రెండుసార్లు మారింది. మొదట ఉస్మానియా, వరంగల్‌లోని ఉస్మానియా పీజీ కేంద్రం 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం అయ్యాక అది, 2008లో కరీంనగర్‌లోనే శాతవాహన విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఇది. ఆదిలాబాద్ జిల్లా కళాశాలలు మాత్రం కాకతీయ పరిధిలోనే కొనసాగాయి. అనుబంధం మారిన ప్రతిసారీ పాఠ్యప్రణాళిక, ప్రశ్నపత్రం తీరు మారతాయి కాబట్టి, ఒకే కళాశాలలో వేర్వేరు దశాబ్దాల్లో చదివినవారు చదివింది ఒకే పుస్తకాలు కావు.

కాకతీయ ఇంగ్లిష్ విభాగం పరిశోధనలతో పాటు ‘కాకతీయ జర్నల్ ఆఫ్ ఇంగ్లిష్ స్టడీస్’ పత్రికను కూడా వెలువరించింది. అధ్యాపకుల శిక్షణకు పెద్ద ఆధారం హైదరాబాద్‌లో 1958లో నెలకొన్న కేంద్ర ఇంగ్లిష్ సంస్థ. 1972లో విదేశీ భాషలు చేరి సీఫెల్‌గా, 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా అది ఎదిగింది. ఉద్యోగం చేసుకుంటూ చదవాలనుకునే వారికి 1982లో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, మరో దారి తెరిచింది.

తెలుగు మీడియం కాలం

కళాశాల స్థాయిలో తెలుగులో బోధించడానికి పాఠ్యపుస్తకాలు తయారుచేసే బాధ్యతతో 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. అప్పటి విద్యామంత్రి, మంథని శాసనసభ్యుడు పి.వి. నరసింహారావు దాని స్థాపనలో ముఖ్యులు. సొంత డిగ్రీ చదువు ఇంగ్లిష్‌లో సాగిన నాయకుడే తెలుగులో డిగ్రీ చదువుకు దారి వేయడం గమనించదగ్గది. 1970ల నుంచి ఈ జిల్లాల గ్రామీణ విద్యార్థులు పెద్దసంఖ్యలో బి.ఏ.లో చేరడానికి తెలుగు మీడియం తోడ్పడింది. తొలితరం చదువరులకు అది చేసిన మేలును తక్కువ చేసి చూడడం న్యాయం కాదు.

అయితే ఈ ఏర్పాటులో ఇంగ్లిష్ వారానికి కొన్ని గంటల పాఠంగా మిగిలింది. పరీక్ష గట్టెక్కడానికి గైడ్లు, ఆల్ ఇన్ వన్‌లే ఆధారమయ్యాయి. సాహిత్యాన్ని ఐచ్ఛికంగా తీసుకున్నవారు ఒకే డిగ్రీలో రెండు సబ్జెక్టులు తెలుగులో, ఒకటి ఇంగ్లిష్‌లో రాసేవారు. వీరిలోంచి వచ్చిన ఇంగ్లిష్ ఉపాధ్యాయుల కృషి ఈ ప్రాంత విద్యా చరిత్రలో దక్కాల్సిన చోటు ఇంకా పొందలేదు.

కోర్సు నిర్మాణం

వార్షిక పరీక్షల కాలంలో జనరల్ ఇంగ్లిష్, ద్వితీయ భాష మొదటి రెండేళ్లలో ఉండేవి. మూడు ఐచ్ఛికాలు మూడేళ్లూ సాగేవి. 2016–17లో తెలంగాణ విశ్వవిద్యాలయాలు సెమిస్టర్లు, క్రెడిట్లతో కూడిన సి.బి.సి.ఎస్. విధానానికి మారాయి. ఆ తర్వాతి సవరణలతో భాషా బోధన మూడో ఏటికీ విస్తరించింది. ప్రవేశాలు కూడా 2016 నుంచే ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ ఏర్పాటు ద్వారా జరుగుతున్నాయి.

ఇంగ్లిష్ సాహిత్యాన్ని చరిత్ర, రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం, ప్రభుత్వ పాలన వంటివాటితో కలిపి ఇస్తారు. ఇక్కడే చిక్కు ఉంది. అన్ని కళాశాలల్లోనూ ఈ కలయిక ఉండదు. ఉన్నచోట చేరేవారు తగ్గితే దాన్ని నడపడం కష్టమవుతుంది. జనరల్ ఇంగ్లిష్ బోధనకు అధ్యాపకులు ఉన్నంత మాత్రాన సాహిత్యం ఐచ్ఛికంగా దొరుకుతుందని అనుకోరాదు. దోస్త్‌లో ఎంపికలు ఇచ్చేముందు చూసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే.

పాఠ్యాంశాలు

విశ్వవిద్యాలయాన్ని బట్టి తేడాలున్నా ప్రధాన భాగాలు దాదాపు ఒక్కటే: ఆంగ్ల సాహిత్య చరిత్ర, కవిత్వం, నాటకం, నవల, వచనం, సాహిత్య పరిభాష, విమర్శ, ధ్వనిశాస్త్రం, భారతీయ ఆంగ్ల సాహిత్యం. షేక్‌స్పియర్ నాటకం సాధారణంగా ఉంటుంది. భారతీయ రచయితల్లో టాగూర్, ఆర్.కె. నారాయణ్, ముల్క్‌రాజ్ ఆనంద్, హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు తరచుగా కనిపిస్తారు.

ఛందస్సు పాఠంలో తెలుగు విద్యార్థికి ఒక సౌలభ్యం, ఒక ఇబ్బంది రెండూ ఉన్నాయి. పాదాన్ని గణాలుగా విడగొట్టడం అతనికి పద్యపాఠాల నుంచే తెలుసు. కానీ తెలుగు గణాలకు ఆధారం గురులఘువులు, అంటే ఉచ్చారణకు పట్టే కాలం. ఇంగ్లిష్ పాదానికి ఆధారం అక్షరం మీద పడే ఊనిక. పాదానికి అయిదు గణాలుండే అయాంబిక్ పెంటామీటర్‌లో ప్రతి గణమూ ఊనిక లేని అక్షరంతో మొదలై ఊనిక ఉన్నదానితో ముగుస్తుంది. ఈ భేదాన్ని మొదటి రోజే చెప్పే అధ్యాపకుడి తరగతిలో ఛందస్సు భయం పోతుంది.

ధ్వనిశాస్త్రంలో ప్రామాణిక బ్రిటిష్ ఉచ్చారణకు చెప్పే 44 ధ్వనులను, అంటే 20 అచ్చులు, 24 హల్లులను, బోధిస్తారు. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్సు, కారు, బుక్కు అన్న రూపాలు ఏర్పడ్డాయి. పదాది సంయుక్తాక్షరానికి ముందు ఇకారం చేర్చి ‘ఇస్కూలు’ అనడం తెలంగాణ పల్లెల్లో వినిపిస్తుంది. ఫ్యాన్‌లోని తొలి ధ్వని, జూలోని తొలి ధ్వని తెలుగులో సహజంగా లేవు, ఉర్దూలో ఉన్నాయి. ఉర్దూ చదివిన పాత తరానికి ఈ రెండూ తేలికగా పలకడానికి అదొక కారణం కావచ్చు.

ఆదిలాబాద్

ఆదిలాబాద్‌లో భాషల అమరిక మరింత చిక్కనిది. తెలుగు, ఉర్దూ, మరాఠీ, లంబాడీ భాషలతో పాటు గోండీ, కొలామీ ఇక్కడ ఇంటి భాషలు. గోండు విద్యార్థికి ఇంగ్లిష్ మూడో భాషో నాలుగో భాషో అవుతుంది. 1940ల్లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయి కేంద్రంగా మొదలైన గోండు పాఠశాలలు తొలి వాచకాలను గోండీలోనే ఇచ్చాయి. ఇంటి భాషను మెట్టుగా చేసుకుని పై భాషలకు ఎక్కించిన ఆ పద్ధతి కళాశాల ఇంగ్లిష్ బోధనకూ నేర్పవలసింది ఉంది.

ఈ ప్రాంత బహుభాషా సంస్కారానికి సామల సదాశివ మంచి నిదర్శనం. తెలుగు, ఉర్దూ, పారశీక సాహిత్యాల్లోనూ హిందుస్థానీ సంగీతంలోనూ దిట్ట అయిన ఆయనకు ‘స్వరలయలు’ గ్రంథానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఇటీవలి మార్పుల్లో ముఖ్యమైనవి 2016లో మొదలైన సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాలలు, ఆ వెంటనే వచ్చిన గిరిజన గురుకుల డిగ్రీ కళాశాలలు. ఇవి ఇంగ్లిష్ మీడియంలో, వసతితో సహా నడుస్తాయి.

అర్హతలు, ఉపాధి

స్పెషల్ ఇంగ్లిష్‌కు గిరాకీ తెచ్చేది ప్రధానంగా ఉపాధ్యాయ వృత్తి. ఎడ్‌సెట్‌లో ఇంగ్లిష్ మెథడాలజీ కోరాలన్నా, డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ పోస్టుకు పోటీపడాలన్నా, డిగ్రీలో ఇంగ్లిష్ ఒక ఐచ్ఛికంగా ఉండాలి, లేదా ఎం.ఏ. ఇంగ్లిష్ చేసి ఉండాలి. జనరల్ ఇంగ్లిష్ చదివితే సరిపోదు. చాలామందికి ఈ సంగతి డిగ్రీ ముగిశాకే తెలుస్తుంది. బి.కాం., బి.ఎస్‌సి. చేసినవారు సీపీగెట్ రాసి ఎం.ఏ. ఇంగ్లిష్‌లో చేరడం వెనుక ఉన్న ఒక కారణం ఇదే. 11,062 పోస్టులతో వెలువడిన 2024 డీఎస్సీ వంటి ప్రకటనల సమయంలో ఈ అర్హత చర్చ మళ్లీ ముందుకొస్తుంది. బోధన కాక పత్రికారచన, అనువాదం, న్యాయవిద్య, పోటీ పరీక్షలు ఇతర దారులు.

రచన, అనువాదం

ఈ ప్రాంతం నుంచి ఇంగ్లిష్‌లో వెలువడిన రచనల్లో అత్యంత ప్రసిద్ధమైనది 1998లో అచ్చయిన పి.వి. నరసింహారావు నవల ‘ది ఇన్‌సైడర్’. తెలుగులో ఇది ‘లోపలి మనిషి’గా వచ్చింది. కరీంనగర్ కవి వారాల ఆనంద్ గుల్జార్ కవితల్ని ‘ఆకుపచ్చ కవితలు’గా తెలుగు చేసి 2022 సంవత్సరానికి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం పొందారు. మరో కరీంనగర్ రచయిత నలిమెల భాస్కర్ మలయాళం నుంచి చేసిన ‘స్మారక శిలలు’ అనువాదానికీ అదే పురస్కారం వచ్చింది. భాషల మధ్య రాకపోకలు ఈ నేలకు కొత్త కావు.

ప్రస్తుత స్థితి

2022–23 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లోనూ ఇంగ్లిష్ మీడియం ప్రవేశపెట్టారు. డిగ్రీలో తెలుగు మీడియం అంతకు ముందే తగ్గుముఖం పట్టింది. మీడియం పెరిగితే ఇంగ్లిష్ చదువు పెరిగినట్టేనని చాలా నివేదికలు పరిగణిస్తాయి. ఆ లెక్క పూర్తిగా నిలవదు. మీడియం మార్పుతో ముందుగా కావలసింది ఇంగ్లిష్ చెప్పగల ఉపాధ్యాయులు; వారిని తయారుచేసేది సాహిత్యం ఐచ్ఛికంగా ఉన్న బి.ఏ. తరగతి. చేరేవారు తక్కువని ఆ తరగతిని మూసే కళాశాల, తన ఊరి బడికి కొన్నేళ్ల తర్వాత రావలసిన ఉపాధ్యాయుణ్ని దూరం చేసుకుంటుంది. జిల్లాకు కొన్ని ప్రభుత్వ కళాశాలల్లోనైనా ఈ ఐచ్ఛికాన్ని, చేరికలతో నిమిత్తం లేకుండా, శాశ్వత అధ్యాపకులతో నిలబెట్టడం అత్యవసరం.