పది పౌన్ల పూరిల్లు

మీలో చాలామంది పూరింట్లో పుట్టి పెరిగినవారే అయి ఉంటారు. నిట్రాడ, దూలం, వాసాలు, పైన తాటాకో రెల్లుగడ్డో, చుట్టూ దడి కట్టి మెత్తిన మట్టిగోడ, కింద పేడతో అలికిన నేల. ఈ మాటలు వినగానే ఒక వాసన కూడా గుర్తుకు వస్తుంది. అది పొయ్యి పొగ వాసన. ఈసారి మీకు పరిచయం చేయదలచినది అటువంటి పూరిల్లే. అయితే అది మన దేశంలోనిది కాదు. ఇంగ్లండు దక్షిణ తీరానికి చేరువలో, ససెక్స్ ప్రాంతంలోని ఆల్‌ఫ్రిస్టన్ అనే పల్లెలో, చర్చి పక్కన ఉంది. వయస్సు సుమారు ఆరువందల ఏళ్లు. పేరు క్లర్జీ హౌస్, అంటే మతాచార్యుల ఇల్లు. అయితే దీనిని మొదట ఒక కలిగిన రైతు కోసం కట్టి ఉంటారని భావిస్తారు.

ఇటువంటి ఇళ్లు వెలియడానికి వెనుక ఒక మహమ్మారి ఉంది. 1348లో ప్లేగు ఇంగ్లండులో అడుగుపెట్టి, రెండు మూడేళ్లలో జనాభాలో మూడోవంతుకు పైగా కబళించింది. బతికి బయటపడినవారికి భూమి దొరికింది, కూలి రేట్లు పెరిగాయి. ఆ తరువాతి తరాలలో ఆగ్నేయ ఇంగ్లండు రైతులు నాలుగు కాలాలపాటు నిలిచే ఇళ్లు కట్టుకోగలిగారు. చావు మిగిల్చిన సంపదతో లేచిన ఇళ్లు అనడం కఠోరమే గాని, అందులో సత్యం ఉంది.

ఇక నిర్మాణం చూద్దాం. ఈ ఇంటికి గోడలు బలం కావు, కొయ్యచట్రమే బలం. ఓక్ చెట్టును నరికి, పచ్చిగా ఉండగానే చెక్కేవారు. ఎండినకొద్దీ ఆ కొయ్య ఉలికి లొంగనంత గట్టిపడుతుంది. ఒక దుంగ కొనను నాలుకలా చెక్కి, మరొక దుంగలో తొలిచిన గాడిలో దూర్చి, అడ్డంగా కొయ్యమేకు దిగగొట్టేవారు. చట్రం నిలిచాక మధ్య ఖాళీలలో సన్నని బద్దలతో దడి అల్లి, మట్టి, తరిగిన గడ్డి, పేడ కలిపిన ముద్దను ఇరువైపులా మెత్తేవారు. మన పల్లెల పద్ధతికీ దీనికీ ఎంత దగ్గరి పోలిక ఉందో గమనించండి. పైన ఏటవాలుగా గడ్డికప్పు. వాలు ఎక్కువైతేనే వాననీరు లోపలికి ఇంకకుండా జారిపోతుంది.

ఇల్లు మూడు భాగాలు. నడుమ పెద్ద సావడి. దానికి పై అంతస్తు లేదు, నేల నుండి కప్పు దాకా ఒకే గది. రెండు పక్కలా రెండేసి అంతస్తులు. ఆ పక్కభాగాల మేడగదులు కొంత ముందుకు చొచ్చుకొని ఉంటాయి గనుక సావడి లోపలికి ఒదిగినట్టు కనిపిస్తుంది. అన్నిటినీ ఒకే కప్పు కప్పుతుంది. కిటికీలకు ఆ కాలంలో అద్దాలు లేవు. నిలువు కొయ్య కమ్ములు, మూసుకోవడానికి చెక్క తలుపులు మాత్రమే ఉండేవి. సావడి నేల మరీ విశేషమైనది. సుద్దరాతిని పొడిచేసి దిమ్మిసతో అణచి, పులిసిన పాలతో పూత పూశారు. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు సుద్దలోని కాల్షియంతో కలిసి జిగురులా పట్టు ఇస్తుంది. మన గృహిణుల పేడ అలుకుడులాగానే ఇది కూడా దుమ్ము లేవకుండా చేసే ఉపాయం.

ఇక వైద్యునిగా నన్ను ఆపిన విషయానికి వస్తాను. ఇటువంటి సావడులలో నెగడు నేల నడుమనే మండేది. పొగగొట్టం ఉండేది కాదు. పొగ పైకి లేచి, కప్పు సందుల గుండా, కిటికీల గుండా మెల్లగా బయటపడేది. ఆ కాలపు ఇళ్ల వాసాలు నేటికీ మసిబారి ఉంటాయి. పొగ వలన మేలు లేకపోలేదు. గడ్డికప్పు పొడిగా ఉండేది, పురుగు చేరేది కాదు, వేలాడదీసిన మాంసం నిలువ ఉండేది. కప్పుకు మేలు చేసిన పొగ మనిషికి కూడా మేలు చేసిందా?

చేసిందనే ఒక పెద్దమనిషి వ్రాశారు. పదహారో శతాబ్దంలో సామాన్యుల ఇళ్లకు కూడా పొగగొట్టాలు రాసాగాయి. 1577లో ఇంగ్లండు వర్ణన ప్రచురించిన విలియం హారిసన్ అనే మతాచార్యుడు ఈ మార్పును నమోదు చేస్తూ, పొగగొట్టాలు వచ్చాక జలుబులు, పడిశాలు, తలనొప్పులు ఎక్కువయ్యాయని వాపోయాడు. పూర్వం పొగే కొయ్యను గట్టిపరచేదనీ, ఇంటిల్లిపాదికీ ఔషధంగా పనిచేసేదనీ ఆయన అభిప్రాయం. ఈ మాట మీకు కొత్తదేమీ కాదు. "మా కాలంలో ఈ జబ్బులే లేవు" అని మన పెద్దలు అనడం మీరు వినే ఉంటారు.

అయితే ఎముకలు మరో సాక్ష్యం చెబుతున్నాయి. యార్క్ నగరంలోని ఒక శ్మశానంలోనూ, వారమ్ పెర్సీ అనే పాడుబడిన పల్లెలోనూ లభించిన మధ్యయుగపు అస్థిపంజరాలను పరిశోధకులు పరీక్షించారు. ముక్కుకు ఇరుపక్కల దవడ ఎముకలో ఉండే గాలిగదులలో దీర్ఘకాలపు వాపు మిగిల్చిన గుర్తులు ఎంతోమందిలో కనబడ్డాయి. నేటి భాషలో చెప్పాలంటే సైనసైటిస్. పట్నంలో మరింత ఎక్కువ, పల్లెలోనూ తక్కువేమీ కాదు. ఇంటి పొగను దీనికి ఒక ముఖ్య కారణంగా భావిస్తున్నారు. జబ్బులు లేకపోవడం కాదు, వాటిని జబ్బులుగా లెక్కించకపోవడమే జరిగింది.

పందొమ్మిదో శతాబ్దం చివరికి ఆల్‌ఫ్రిస్టన్ ఇల్లు శిథిలమై కూల్చివేతకు సిద్ధమైంది. ఊరి మతాచార్యుడు దానిని కాపాడమని పలువురిని వేడుకొన్నాడు. 1895లో స్థాపితమైన నేషనల్ ట్రస్ట్ 1896లో దానిని పది పౌన్లకు కొన్నది. ఆ సంస్థ కొన్న మొట్టమొదటి కట్టడం ఇదే. మరమ్మతులకు అంతకు ఎన్నో రెట్లు వ్యయమైంది. నేడు అది చట్టరక్షణ గల చారిత్రక కట్టడం.

ట్రస్టును స్థాపించిన ముగ్గురిలో ఒకరైన ఆక్టేవియా హిల్‌ను ఇక్కడ స్మరించాలి. ఆమె మాతామహుడు డాక్టర్ సౌత్‌వుడ్ స్మిత్ లండన్ జ్వరాల ఆసుపత్రి వైద్యుడు. మురికివాడల దుస్థితికీ జ్వరాలకూ గల సంబంధాన్ని ప్రభుత్వం ముందుంచినవాడు. మనుమరాలు 1865 నుండి లండన్ పేదల ఇళ్లను బాగుచేసి, గాలీ వెలుతురూ గల గదులుగా అద్దెకు ఇచ్చింది. పాత ఇంటిని నిలబెట్టిన చేయీ, పేదవాని గదిలోకి గాలిని రప్పించిన చేయీ ఒకటే. పాతదాన్ని ప్రేమించడానికి పాత బాధలను కూడా మోయనక్కరలేదని ఆమె జీవితం చెబుతుంది.

అదే 1896లో బొంబాయిలో ప్లేగు బయటపడింది. అధికారులు ఇళ్లకు సున్నం కొట్టించారు, వెలుతురు పడేందుకు కప్పుల పెంకులు తీయించారు. రెండేళ్ల తరువాత కరాచీలో పాల్ లూయీ సిమోన్ ఎలుకల మీది గోమార్ల ద్వారా ప్లేగు వ్యాపిస్తుందని చూపాడు. ఇంటి కప్పులో, మట్టిగోడలో ఏ జీవి కాపురముంటున్నదో కూడా ఆరోగ్యశాస్త్రంలో భాగమేనని నాటితో తేటతెల్లమైంది.

కట్టెలు, పిడకలు, బొగ్గు, కిరసనాయిలు వంటివాటి వలన ఇళ్లలో పుట్టే పొగ 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మరణాలకు కారణమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. జీవితంలో చుట్టగానీ బీడీగానీ ముట్టని స్త్రీలు ఆయాసంతో మా వద్దకు రావడం వైద్యులందరికీ అనుభవమే. "పొయ్యి ఎక్కడ ఉంది, పొగ ఎటు పోతుంది?" అనే ప్రశ్న వేస్తేగానీ ఆ జబ్బు మూలం బయటపడదు.

మీ ఊరిలో పాత పూరిల్లు ఏదైనా మిగిలి ఉంటే దాని దూలాన్నీ, దడినీ, కప్పు వాలునూ పిల్లలకు చూపించండి. కట్టినవారి నేర్పును మెచ్చుకోండి. వంటింట్లో ఇంకా కట్టెల పొయ్యి వెలుగుతూ ఉంటే మాత్రం, పొగ పోయే దారి ముందు చూడండి. గ్యాసు పొయ్యికి మారగలిగితే మారండి. అంతవరకు పొయ్యికి గొట్టం పెట్టించండి, కిటికీ తెరచి ఉంచండి, పసిబిడ్డను చంకనెత్తుకొని పొయ్యి దగ్గర కూర్చోకండి.