గ్లైడర్‌కు ఫ్లైట్ కంప్యూటర్: ఎంపికలో చూడవలసినవి

వేసవి మధ్యాహ్నం గ్రద్ద రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ పైకి లేవడం మన పొలాల మీద నిత్యం కనిపించే దృశ్యమే. వేడెక్కిన నేల నుండి లేచే గాలి దానిని మోస్తుంది. ఇంజను లేని విమానమైన గ్లైడర్ కూడా ఆ గాలినే ఆశ్రయించి వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఐరోపాలో ఈ క్రీడకు ఆదరణ ఎక్కువ. మన దేశంలో పుణే వద్ద హడప్సర్ గ్లైడింగ్ కేంద్రం పేరు విన్నవారు ఉంటారు. గ్రద్దకు పుట్టుకతో తెలిసిన దానిని పైలట్‌కు పరికరం చెప్పవలసి ఉంటుంది.

మొదటి పరికరం వేరియోమీటర్. విమానం సెకనుకు ఎన్ని మీటర్లు లేస్తున్నదో, దిగుతున్నదో ఇది తెలుపుతుంది. పైలట్ వేగాన్ని తగ్గించి ముక్కు పైకెత్తినా విమానం కొంత లేస్తుంది. అది గాలి ఇచ్చిన ఎత్తు కాదు. ఈ భ్రమను తొలగించే ‘టోటల్ ఎనర్జీ’ సవరణ లేని వేరియోమీటర్‌ను నమ్మి చుట్లు తిరగడం వృథా శ్రమ. శబ్దంతో సూచించేది మేలు, కళ్ళు ఆకాశం మీదనే ఉంటాయి.

ఫ్లైట్ కంప్యూటర్ అసలు పని గమ్యం చేరగలమా లేదా అని లెక్కకట్టడం. 1 కి 40 నిష్పత్తిలో జారే గ్లైడర్ నిశ్చల వాయువులో 1000 మీటర్ల ఎత్తు నుండి 40 కిలోమీటర్లు పోగలదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుండగా 25 కిలోమీటర్ల ఎదురుగాలి వీస్తే నేల మీద సాగే దూరం 30 కిలోమీటర్లకు పడిపోతుంది. విమానాశ్రయం 24 కిలోమీటర్ల దూరాన ఉన్నదనుకుందాం. గాలి లేనప్పుడు 600 మీటర్లు చాలు. ఎదురుగాలిలో 800 కావాలి. దిగడానికి మరో 300 మీటర్లు నిలువ పెట్టుకుంటే 1100. ఈ తేడాను గమనించనివాడు దారిలో ఏదో ఒక పొలంలో దిగవలసి వస్తుంది. ఆ పొలంలో కరెంటు తీగలు ఉండవచ్చు.

అందుచేత సాఫ్ట్‌వేర్‌లో మీ గ్లైడర్ రకానికి తగిన ‘పోలార్’ పట్టిక, అనగా ఏ వేగంలో ఎంత దిగుతుందో తెలిపే లెక్క, ఉన్నదో లేదో ముందుగా చూడాలి. రెక్కల అంచున పురుగులు అంటుకుంటే జారుడు తగ్గుతుంది. దానిని కూడా నమోదు చేసే వీలుండాలి. రెండు థర్మల్‌ల నడుమ ఎంత వేగంగా పోవాలో తెలిపే సిద్ధాంతం అమెరికా దేశస్థుడు పాల్ మెక్‌క్రీడీ పేరుతో ప్రసిద్ధం. ఆయన 1956లో ప్రపంచ గ్లైడింగ్ విజేత. 1979లో తొక్కుడు శక్తితో ఇంగ్లీషు చానల్ దాటిన విమానం ఆయన రూపొందించినదే. ముందున్న థర్మల్ బలమైనదైతే వేగం పెంచాలి, బలహీనమైతే తగ్గించాలి. ఈ అమరిక ఎక్కువ పెట్టినవాడికి కంప్యూటర్ మరింత ఎత్తు అడుగుతుంది.

ఉచితంగా లభించేవాటిలో ఎక్స్‌సీసోర్ ముఖ్యమైనది. వాణిజ్య సాఫ్ట్‌వేర్‌గా పుట్టిన దీనిని తరువాత అందరికీ స్వేచ్ఛగా విడుదల చేశారు. ఆండ్రాయిడ్ ఫోనులోనూ, కోబో ఈ-రీడర్‌లోనూ నడుస్తుంది. ఫోను తెర ఎండలో సరిగా కనబడదు, వేడికి ఆగిపోవచ్చు. ఈ-రీడర్ తెర ఎండలో కాగితంవలె చదవవచ్చు, అయితే జీపీఎస్‌ను వేరుగా జతపరచాలి. ఖర్చు భరించగలవారికి స్లొవేనియా దేశపు ఎల్‌ఎక్స్‌నావ్, నావిటర్ సంస్థల ప్రత్యేక పరికరాలున్నాయి. నా అభిప్రాయంలో నేర్చుకునేవారు ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే ప్రారంభించడం ఉచితం. ఎక్స్‌సీసోర్‌లో అనుకరణ విధానం ఉన్నది. ఇంట్లో కూర్చుని మీటలన్నీ అలవాటు చేసుకోవచ్చు. గాలిలో మెనూలు వెదకడం ప్రమాదకరం.

నిషిద్ధ గగనతల వివరాలు ఏటేటా మారుతుంటాయి కనుక వాటిని తాజాపరచే సౌకర్యం తప్పనిసరి. 2004లో స్విట్జర్లాండులో మొదలైన ఫ్లార్మ్ పరికరం సమీపంలోని ఇతర ఫ్లార్మ్ గ్లైడర్ల గురించి హెచ్చరిస్తుంది. కంప్యూటర్ దానితో కలిసేదిగా ఉండాలి. వెండి, బంగారు బ్యాడ్జీలకు జాతీయ సంస్థ అంగీకరించిన సాధారణ జీపీఎస్ రికార్డరు చాలును. వజ్రపు బ్యాడ్జీకీ, రికార్డులకూ ఐజీసీ ఆమోదం పొందినదే కావాలి.

ఇవన్నీ కొన్న తరువాత కూడా బ్యాటరీ అవసరం లేని యాంత్రిక వేరియోమీటర్ ఒకటి, కాగితపు పటం ఒకటి కాక్‌పిట్‌లో ఉండనివ్వాలి.