సిరొంచ: శిస్తుకు అడ్డురాని భాష

పెర్మిలి వైపు అడవులు 1854లో నాగపూరు రాజ్యంతో పాటు కంపెనీ వశమయ్యాయి. సిరొంచ దారి వేరు. 1860లో నిజాం గోదావరి ఎడమ గట్టు తాలూకాలను వదులుకోగా, సిరొంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. 1874లో చాందాలో కలిసిపోయింది. 1907లో నూగూరు, ఆల్బాక, చెర్ల తాలూకాలు మద్రాసుకు వెళ్లాయి, సిరొంచ మాత్రం నాగపూరు కిందనే మిగిలింది. మనం గమనించవలసిన మలుపు ఇదే; 1960 నాటి మహారాష్ట్ర అవతరణ కాదు. 1964 చట్టంతో కచేరీ భాష మరాఠీ అయింది. శిస్తు కట్టేటప్పుడు తెలుగు ఎవరికీ అడ్డు కాలేదు, కొలువు అడిగినప్పుడే అయింది. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడినా రాజధాని దగ్గర కాలేదు. 2019లో మేడిగడ్డ బరాజు ప్రారంభమయ్యాక సిరొంచ గట్టు పొలాలు మునిగాయి. బరాజు కట్టింది తెలంగాణ. రైతు పరిహారపు అర్జీ మాత్రం మహారాష్ట్ర కచేరీలో, మరాఠీలో.