తెప్ప చెక్కిన పనిముట్లు: ఉత్తరాంధ్ర తీరంలో వడ్రంగి చరిత్ర

పరిచయం

చరిత్ర పాఠాల్లో రాజుల ఆయుధాల గురించి మీరు చదివే ఉంటారు. ఈ భాగంలో బాడిస, ఉలి, బరమా వంటి పనిముట్లను చారిత్రక ఆధారాలుగా ఎలా పరిశీలించాలో తెలుసుకుంటారు. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కి.మీ., విజయనగరం జిల్లాకు సుమారు 28 కి.మీ. సముద్రతీరం ఉంది. ఇక్కడి జాలరులు, వాడబలిజలు తరతరాలుగా తెప్పల మీదే వేటకు వెళ్లారు. ఆ తెప్పలు చేసినవారు తమ గురించి ఏమీ రాసిపెట్టలేదు. వారి తెలివి మనకు వారి పనిలోనూ, పనిముట్లలోనూ కనిపిస్తుంది.

కర్రను బట్టి పనిముట్టు

తెప్ప లోపల బోలుగా ఉండే పడవ కాదు. కొన్ని దుంగలను పక్కపక్కన చేర్చి కట్టిన సాధనం. అలలు మీది నుంచి పోయినా అది మునగదు. కర్ర తేలికతనమే దానికి ఆధారం. అందుకే బూరుగు, పొణికి వంటి తేలిక కర్రలు తెప్పలకు పనికివచ్చాయి.

గట్టి కర్రకే పదునైన పనిముట్టు కావాలని మీరు అనుకోవచ్చు. నిజానికి మెత్తని కర్రకే పదును ఎక్కువ కావాలి. మొద్దుబారిన అంచు మెత్తని నారను కోయదు, నలిపి చించుతుంది. చిరిగినచోట నీరు పడుతుంది. సానరాయి లేని వడ్రంగి తెప్ప చేయలేడని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

దుంగను గొడ్డలితో మోటుగా చెక్కిన తరవాత బాడిస పని మొదలవుతుంది. చిత్రిక చదునైన తలాన్ని నున్నగా చేస్తుంది. కాని తెప్ప ముందుభాగం పైకి లేచిన వంపు. ఆ వంపు వెంట నడవగలిగేది బాడిసే. రంధ్రాలకు ఉలి, కొడతి, బరమా వాడతారు.

ఇనుప మేకు ఎందుకు కాదు?

ఉత్తరాంధ్ర తెప్పలో దుంగలను కర్ర సీలలతో బిగించి రెండు సగాలుగా చేస్తారు. వేటకు పోయేటప్పుడు ఆ రెండింటినీ తాళ్లతో కడతారు. ఒడ్డుకు వచ్చాక విప్పి, మోసుకెళ్లి ఆరబెడతారు. ఉప్పునీటిలో ఇనుము తుప్పు పడుతుంది. గట్టి కర్రతో చేసిన సీల తడిస్తే ఉబ్బి మరింత బిగుస్తుంది. కాబట్టి సీలకు తగిన రంధ్రం వేయడంలోనే పనివాడి నేర్పు తెలుస్తుంది. రంధ్రం వదులైతే సీల ఊడుతుంది, మరీ బిగువైతే దుంగ పగులుతుంది.

పోలిక

1930లలో ఫ్రాన్సు దక్షిణ తీరంలో నీటి అడుగున చేపలను కొట్టే ఈటె తుపాకులు వ్యాప్తిలోకి వచ్చాయి. నేటికీ వాటిని ఇంట్లో టేకుతో చేసుకునేవారున్నారు. ఈటె సూటిగా పోవాలంటే దాన్ని నడిపే గాడి తిన్నగా ఉండాలి. అందువల్ల అక్కడ చిత్రిక ముఖ్యం. విజయనగరం జిల్లా బొబ్బిలిలో పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. అక్కడ లోపలిభాగాన్ని తొలిచే ఉలి ముఖ్యం. చేసే వస్తువు, వాడే కర్ర, ఈ రెండూ కలిసి పనిముట్టును నిర్ణయిస్తాయి.

ఆధారాలు, మార్పులు

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు శ్రీకాకుళం పట్టణం గంజాం జిల్లాలో ఉండేది. విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. కాబట్టి పాత రికార్డులను ఆ జిల్లాల పేర్లతో వెతకాలి. మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ భారతీయ పడవల నిర్మాణంపై 1920లో ఒక అధ్యయనం ప్రచురించాడు. ఇటువంటి రచనల్లో పడవ కొలతలు దొరుకుతాయి. కాని బాడిస పట్టిన చేయి ఎవరిదో వాటిలో వెతికినా దొరకడం కష్టం.

1882 మద్రాసు అటవీ చట్టం తరవాత రిజర్వు అడవుల్లో చెట్టు కొట్టాలంటే అనుమతి తప్పనిసరి అయింది. తెప్ప చరిత్ర ఇలా అడవి చరిత్రతో ముడిపడింది. ఇటీవలి దశాబ్దాల్లో ఫైబర్ పడవలు, ఇంజన్లు వచ్చాయి. ఎక్కువ దూరం పోగలిగే సాధనాన్ని మత్స్యకారుడు ఎంచుకోవడం సహజం, దాన్ని తప్పుపట్టలేం. అయితే పడవ అచ్చులో తయారైనప్పుడు బాడిసకు పని ఉండదు. పాత ఇనుముగా తూకానికి పోయిన బాడిసతో పాటు ఒక ఆధారం కూడా పోతుంది.

మీరు చేయవలసిన పని

మీ ఊరిలో పెద్ద వడ్రంగిని కలవండి. ఒక పనిముట్టు ఎంచుకుని దాని స్థానిక పేరు, చేసిన కమ్మరి ఊరు, పిడి కర్ర, ఉపయోగం రాసుకోండి. పిడి ఎక్కడ అరిగి నున్నబడిందో గమనించండి. ఆయన ఎలా పట్టుకుని పనిచేశాడో అది చెబుతుంది. ఆయన వాడిన మాటలను దిద్దకుండా రాయండి.

స్వయం సమీక్ష ప్రశ్నలు

1. మెత్తని కర్రకు పదునైన పనిముట్టు ఎందుకు అవసరం?
2. తెప్ప నిర్మాణంలో కర్ర సీలల ప్రయోజనాలను వివరించండి.
3. రాతపూర్వక ఆధారాలు లేని వృత్తుల చరిత్రను ఎలా నిర్మించవచ్చు?