ఇంటి కుట్టు - పురుష వస్త్రాలు: ఒక చారిత్రక పరిశీలన

భారతీయ వస్త్రచరిత్రలో నేతకు లభించిన స్థానం కుట్టుపనికి లభించలేదు. మగ్గం నుండి దిగిన పంచె, ఉత్తరీయం కత్తెరతో, సూదితో పని లేకుండానే ధరించడానికి అనువుగా ఉండడం ఇందుకు ఒక కారణం. అయినా కుట్టిన దుస్తులు మనకు కొత్తవి కావు. మథుర మ్యూజియంలోని కనిష్కుని శిరోరహిత విగ్రహం మోకాళ్లు దాటిన పొడవైన కోటు ధరించి ఉంటుంది. విజయనగర ఆస్థానంలో కబాయి, కుల్లాయి రాజోచిత వేషాలు. కర్ణాట ప్రభువు కొలువుకు వెళ్లిన శ్రీనాథుడు కుల్లాయి పెట్టవలసి వచ్చిందని ఆయన పేర ప్రచారంలో ఉన్న చాటుపద్యం వల్ల తెలుస్తుంది.

ఇవన్నీ కొలువు దుస్తులు. వీటిని కుట్టినవారు వృత్తి నిపుణులు. ఉత్తరాదిన దర్జీలు, తెలుగునాట మేరవారు ఈ వృత్తిని తరతరాలుగా నిలిపారు. అయితే కుట్టిన ప్రతి వస్త్రానికీ నిపుణుని అవసరం ఒకే విధంగా ఉండదు. సంప్రదాయ పద్ధతిలో కత్తిరించిన లాల్చీని పరిశీలిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. ముందు వెనుకలకు ఒక పొడవైన పట్టీ, చేతులకు రెండు పట్టీలు, పక్కలకు ఏటవాలు కళీలు, చంకల కింద నలుచదరపు ముక్కలు. దాదాపు అన్నీ సరళరేఖలే. బట్ట వృథా కావడం చాలా తక్కువ. కొలతల్లో చిన్న తేడా వచ్చినా వదులుగా ఉండే ఆ వస్త్రం దాన్ని సర్దుకుంటుంది. అందువల్ల లాల్చీ, పైజమా ఇంటి కుట్టుకు సులభంగా లొంగాయి.

ఆంగ్లేయుల పాలనలో కచేరీల ద్వారా, పాఠశాలల ద్వారా వ్యాపించిన షర్టు, కోటు, ప్యాంటు స్వభావం వేరు. భుజం వంపు, చంక గుండ్రన, కాలరు నిలుపు - అన్నీ వక్రరేఖలు. వీటిని కత్తిరించడానికి కొలతల టేపుతోపాటు అనుభవం కూడా కావాలి. కనుక నగరాల్లో దర్జీ ప్రాముఖ్యం పెరిగింది. అదే కాలంలో కుట్టుమిషను దేశంలో ప్రవేశించింది. అమెరికాలో ఐజాక్ సింగర్ 1851లో పేటెంటు పొందిన యంత్రం పంతొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాలకు భారతీయ విపణిలో స్థిరపడింది. వాయిదాల పద్ధతిలో అమ్మకం మధ్యతరగతి కుటుంబాలకు దాన్ని అందుబాటులోకి తెచ్చింది. 1930లలో కలకత్తాలోని జే ఇంజినీరింగ్ వర్క్స్ ‘ఉషా’ యంత్రాన్ని తయారుచేయడంతో స్వదేశీ కుట్టుమిషను ఇళ్లకు చేరింది.

యంత్రాల పట్ల గాంధీజీ విముఖత జగద్విదితం. ఆయన సైతం 1924లో ‘యంగ్ ఇండియా’లో ప్రచురితమైన ఒక సంభాషణలో సింగర్ కుట్టుమిషనుకు మినహాయింపు ఇచ్చారు. భార్య పడే శ్రమను తగ్గించాలన్న ప్రేమతో సింగర్ దాన్ని రూపొందించాడని ఆయన భావించారు. ఆ కథ చారిత్రకంగా నిలిచినా నిలవకపోయినా, ఇంటి కుట్టును ఆయన శ్రమగా గుర్తించారన్నది ముఖ్యం.

ఆ శ్రమ విలువ బట్టల కరువు రోజుల్లో మరింత తేటతెల్లమైంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ధరలు అదుపు తప్పగా ప్రభుత్వం 1943లో నూలు వస్త్రాలపై నియంత్రణ ఉత్తర్వు జారీచేసింది. కొత్త బట్ట దుర్లభమైనప్పుడు ఉన్నదాని ఆయుష్షు పెంచడమే మార్గం. అరిగిన షర్టు కాలరును విప్పి, తిరగేసి, లోపలి వైపు పైకి వచ్చేటట్టు మళ్లీ కుట్టవచ్చు. లోపలికి దోపుకునే షర్టు అడుగుభాగం నుండి అతుకుకు ముక్క తీయవచ్చు. తండ్రి ప్యాంటులో చిరగని భాగం కొడుకు లాగుకు సరిపోతుంది. ఈ మార్పులకు అవకాశమిచ్చేది కుట్టు లోపల వదిలిన అదనపు బట్ట. మంచి దర్జీ ప్యాంటు నడుము వెనుక కుట్టులో ఆ బట్టను ఎక్కువగా వదిలేది రాబోయే సంవత్సరాలను దృష్టిలో ఉంచుకొనే. అంచులు సన్నగా కోసి ఓవర్‌లాక్ చేసిన నేటి రెడీమేడ్ దుస్తుల్లో చాలావాటికి ఆ వెసులుబాటు లేదు. బిగుతైన వస్త్రం మూలకు చేరుతున్నది.

ఇంతటి శ్రమ లెక్కల్లో ఎక్కడ ఉన్నది? జాతీయ నమూనా సర్వేలో ఇంటిపనులతోపాటు సొంత అవసరాలకు కుట్టుపని, నేత, వంటచెరకు సేకరణ వంటివి చేసేవారికి ఒక ప్రత్యేక సంకేత సంఖ్య ఉన్నది: 93. అయితే ఆ సంఖ్య కింద నమోదైనవారు శ్రామికశక్తిలో చేరరు. మరోవైపు, 2023లో ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకం పద్దెనిమిది వృత్తుల్లో ఒకటిగా దర్జీ వృత్తికి చేయూతనిచ్చింది. అది ఆ వృత్తికి న్యాయంగా దక్కవలసిన గుర్తింపే. కాని అదే కాలరును దర్జీ తిరగేసి కుడితే అది ఉపాధి. ఇల్లాలు తిరగేసి కుడితే ఆమె శ్రామికశక్తికి వెలుపల ఉన్న వ్యక్తి. కుట్టులో తేడా లేదు, తేడా ఉన్నది పద్దులోనే. పురుష వస్త్రాల చరిత్ర రాసేవారు రాజుల కుల్లాయిలతోపాటు ఈ పద్దును కూడా విప్పి చూడవలసి ఉన్నది.