ఆటలోనే మాట: ఉర్దూ, తెలుగు రెండూ వినే పసిపిల్లలతో ఏ ఆటలు ఆడాలి?

కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్ పట్టణాల్లో చాలా ముస్లిం ఇళ్లలో పిల్లలు ఇంట్లో ఉర్దూ, గల్లీలో తెలుగు వింటారు. ఆదిలాబాద్ వైపు మరాఠీ కూడా కలుస్తుంది. ఉట్నూర్ ఏజెన్సీ ఊళ్లకు పోతే ఇంటి భాష గోండీ, కొలామీ. అంగన్‌వాడీకో, ఇంగ్లిష్ మీడియం నర్సరీకో పంపే టైమ్ వచ్చేసరికి తల్లిదండ్రులకు ఒకటే టెన్షన్: "ఇన్ని భాషలైతే పిల్లోడికి మాటలు లేటయితయేమో" అని. ఈ భయంతో కొందరు పిల్లలతో ఉర్దూ మాట్లాడటమే ఆపేస్తున్నారు. ఇంకొందరు ఇంగ్లిష్ వస్తుందని ఫోన్‌లో రైమ్స్ పెట్టి చేతికిస్తున్నారు. ఈ రెండింటితో మాట తొందరగా రాదు. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిన ఆటలోనే మాట వస్తుంది. దానికి డబ్బు ఖర్చు కూడా లేదు.

ఆటకు, మాటకు సంబంధం ఏంటి?

మాట్లాడటం అంటే వంతులు. ఒకరు అంటారు, ఇంకొకరు విని బదులిస్తారు. మాటలు ఇంకా రాని బిడ్డకు ఈ వంతు నేర్పేది ఆట. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జెరోమ్ బ్రూనర్ 1970లలో దోబూచులాటను దగ్గరగా పరిశీలించారు. ముఖం దాచుకోవడం, కాసేపు ఆగడం, మళ్లీ కనిపించడం, నవ్వడం అనే వరుస బిడ్డకు అర్థమవుతుంది. కొన్ని నెలలకు బిడ్డే ఆట మొదలుపెడుతుంది.

ఫోన్ ఈ పని ఎందుకు చేయలేదో 2003లో పెట్రీషియా కుల్ బృందం చేసిన పరిశోధన చూపించింది. ఇంగ్లిష్ ఇళ్లలోని 9 నెలల పిల్లలకు 12 సార్లు చైనా మాండరిన్ భాష వినిపించారు. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే పిల్లలు ఆ భాష శబ్దాల తేడా పట్టుకున్నారు. అదే మనిషి మాటలు టీవీలో చూపిస్తే పట్టుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచన ప్రకారం ఏడాది, ఏడాదిన్నర పిల్లలకు స్క్రీన్ వద్దు. 2 నుంచి 4 ఏళ్ల వారికి రోజుకు గంట దాటకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది.

6 నెలల నుంచి ఏడాది వరకు

దస్తీతోనో, దుపట్టాతోనో దోబూచి ఆడండి. ముఖం దాచుకున్నాక కొద్దిసేపు ఆగండి. ఆ ఆగడంలోనే బిడ్డ "ఆ", "ఊ" అంటూ తన వంతు తీసుకుంటుంది. బిడ్డ చేసిన శబ్దాన్నే మీరూ తిరిగి చేయండి. నానీ, దాదీలు పాడే లోరీలు, చేతులు ఊపుతూ ఆడించే పాటలు కూడా ఈ వయసుకు సరిపోతాయి.

1 నుంచి 2 ఏళ్లు

"నాక్ కిధర్? కాన్ కిధర్?" అని అడిగి చూపించమనండి. చూపించాక మీ ముక్కు మీద బిడ్డ వేలు పెట్టించి పేరు చెప్పండి. వంటింట్లో ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, గిన్నె, చెంచా ముందు పెట్టి ఒక్కోటి ఇవ్వమనండి. బిడ్డ "పానీ" అంటే ఊరికే గ్లాసు ఇచ్చేయకుండా, "పానీ హోనా? ఠండా పానీ హోనా?" అని ఒక మాట పెంచండి. తప్పు పలికితే కోప్పడొద్దు, నవ్వొద్దు. సరైన మాటను మీరే ఇంకోసారి అంటే చాలు.

2 నుంచి 3 ఏళ్లు

ఇది ఉత్తుత్తి ఆటల వయసు. ఖాళీ కప్పులతో చాయ్ దుకాణం పెట్టండి. "భాయ్, చాయ్‌లో చక్కెర ఎంత? ఎంత అయింది?" అని బేరం ఆడండి. కిరాణా దుకాణం, డాక్టర్, బస్ కండక్టర్ ఆటలు కూడా ఇట్లాగే ఆడొచ్చు. అవును, కాదు అనే జవాబుతో అయిపోయే ప్రశ్నలకంటే "తర్వాత ఏమైంది?" అనే ప్రశ్న ఎక్కువ మాట్లాడిస్తుంది. అడిగాక మనసులో ఐదు వరకు లెక్కపెట్టుకోండి. పిల్లలకు జవాబు వెతుక్కోవడానికి అంత టైమ్ కావాలి.

3 నుంచి 5 ఏళ్లు

పొడుపు కథలు, పహేలీలు మొదలుపెట్టొచ్చు. ఉర్దూలో అమీర్ ఖుస్రో పేరుతో వాడుకలో ఉన్న పహేలీలు బోలెడు. ఇంట్లో మీరే కట్టినా సరిపోతుంది: "గుండ్రంగా ఉంటది, పెనం మీద పొంగుతది, సాలన్‌లో మునుగుతది, ఏంది?" జవాబు రొట్టె. మొదటి శబ్దం ఆట కూడా బాగుంటుంది: "మ"తో మొదలయ్యే వస్తువులు ఇంట్లో ఎన్ని ఉన్నాయో వెతకాలి. ఇది తర్వాత చదవడానికి పునాది. ఉర్దూ ఇళ్ల పిల్లలకు తెలుగు "ళ", "ణ" కష్టమవుతాయి. "పాలు, పళ్లు" లాంటి జతలతో ఆడిస్తే చెవికి తేడా తెలుస్తుంది.

అచ్చనగిల్లలు, వామన గుంటలు ఆడుతూ ఒకసారి ఉర్దూలో, ఒకసారి తెలుగులో లెక్కపెట్టించండి. జాగ్రత్త: చింతగింజలు, గోలీలు, చిన్న రాళ్లు మూడేళ్లలోపు పిల్లలకు అందనివ్వొద్దు. గొంతులో ఇరుక్కుంటాయి.

రెండు భాషలతో మాట ఆలస్యమవుతుందా?

కాదు. రెండు భాషలు వినడం వల్ల మాటల లోపం రాదు. ఒక వాక్యంలో రెండు భాషలు కలిపినా అది గందరగోళం కాదు, మామూలే. పిల్లలకు ఎన్ని మాటలు వచ్చో లెక్క చూస్తే ఉర్దూవి, తెలుగువి కలిపి లెక్కపెట్టాలి. మీకు ఏ భాష బాగా వస్తే ఆ భాషలోనే ఆడండి, తెలుగు పక్కింటి పిల్లలతో ఆటలో వస్తుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోట కనీసం 5వ తరగతి వరకు ఇంటి భాషలో బోధన ఉండాలని చెప్తోంది.

నాన్న గల్ఫ్‌లో, అమ్మ బీడీల పనిలో ఉంటే?

మన జిల్లాల్లో ఇలాంటి ఇళ్లు తక్కువేం కాదు. వీడియో కాల్‌ను రికార్డు చేసిన వీడియోతో కలపొద్దు. రెండేళ్లు దాటిన పిల్లలు రికార్డు వీడియో నుంచి నేర్చుకోలేని కొత్త మాటలను, ఎదుటి మనిషి బదులిచ్చే వీడియో కాల్‌లో నేర్చుకున్నారని 2014లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. కాబట్టి దుబాయ్‌లో ఉన్న అబ్బా "తిన్నవా?" అని అడిగి ఊరుకోకుండా, కాల్‌లోనే దోబూచి, పహేలీ ఆడొచ్చు. "మీ గదిలో ఎర్రది ఏముంది, తెచ్చి చూపించు" అనొచ్చు.

బీడీలు చుట్టే తల్లికి చేతులు ఖాళీ ఉండవు కానీ నోరు ఖాళీగానే ఉంటుంది. పొడుపు కథకు, మాటల అంత్యాక్షరికి చేతులతో పని లేదు. పొగాకు, దాని దుమ్ము మాత్రం పిల్లలకు తగలకుండా దూరంగా కూర్చోబెట్టండి.

ఎప్పుడు చూపించాలి?

ఏడాది దాటినా పేరు పిలిస్తే తిరగకపోయినా, వేలితో చూపించడం, చేయి ఊపడం లాంటి సైగలు లేకపోయినా చూపించాలి. ఏడాదిన్నరకు ఏ భాషలోనూ అర్థమయ్యే మాటలు లేకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆగొద్దు. "వాళ్ల నాన్నకూ లేటుగనే వచ్చినయ్" అని ఏళ్లు గడిపితే చికిత్సకు మంచి కాలం పోతుంది. ముందు వినికిడి పరీక్ష చేయించాలి. చెవి వినపడని బిడ్డకు ఏ ఆటతోనూ మాట రాదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలకు ఉచిత పరీక్షలు ఉన్నాయి. డాక్టర్ల బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు రావాలి. ఎప్పుడు వస్తారో టీచర్‌ను అడగండి. అంతదాకా ఆగలేకపోతే ఆదిలాబాద్ రిమ్స్‌లో గానీ, కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ పిల్లల డాక్టర్‌కు, చెవి డాక్టర్‌కు చూపించండి. పెద్ద పరీక్షలకు, స్పీచ్ థెరపీకి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. చికిత్స నడుస్తున్నప్పుడు కూడా ఇంట్లో ఆటలు ఆపొద్దు. రోజుకు పది నిమిషాలైనా ఫోన్ పక్కన పెట్టి, పిల్లల ఎదురుగా నేల మీద కూర్చోండి.