‘జీతం’: ఒక మాట, రెండర్థాలు

పావగడ తాలూకా వెంకటమ్మనహళ్లి వైపు ఇంట తెలుగు, బడిలో కన్నడం వినే పిల్లలకు ‘జీతం’ చిక్కుమాట. తెలుగులో అది నెల వేతనం. నేటి కన్నడంలో వేతనం ‘సంబళ’. ‘జీత’ అంటే వెట్టిచాకిరి. రెండింటికీ మూలం సంస్కృత ‘జీవిత’ శబ్దమే. బ్రతుకుతెరువుకు ఇచ్చేది జీతము. ఇంటా పొలానా ఏడాదికి కుదిరిన పనివాడు జీతగాడు. ముందుగా తీసుకున్న అప్పు తీరక అతడు కట్టుబడిపోయినచోట, కూలి పేరే బానిసత్వానికి పేరయింది. 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టం పేర్కొన్న పద్ధతులలో ‘జీత’తోపాటు మన ‘పాలేరు’, ‘వెట్టి’ కూడా ఉన్నవి. కనుక ఆ చరిత్ర కన్నడానిది మాత్రమే అనుకొనరాదు. పాఠం చెప్పునపుడు రెండర్థాలనూ పక్కపక్కన వ్రాసి, అవి ఎందుకు వేరైనవో పిల్లలకు తెలుపుట ఉపాధ్యాయుల విధి.